కార్డులో లేని మాట

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా అక్క ఒక కోడి రెక్క ఎత్తి, కింద ముక్కు పెట్టి వాసన చూసి, "ఇది వద్దప్పా, ఎత్తుకొని పో" అంది. దేవనహళ్ళి వైపు ఫారాల నుంచి కోళ్ళు తెచ్చే బండివాడు ఎదురు చెప్పకుండా దాన్ని మళ్ళీ గంపలో వేసుకున్నాడు. సమయం నాకు కచ్చితంగా తెలుసు. ఎదురుగా ఉన్న ఫ్యాక్టరీలో ఆరున్నరకు సైరన్ మోగుతుంది. మోగితే రాత్రి షిఫ్టు వాళ్ళు బయటికి వచ్చి నేరుగా అంగడి ముందు నిలబడతారు. ఆ లోపల కోళ్ళు చూడడం ముగించాలని అక్క తొందరపడుతోంది. తొంభైల నడుమ ఒక ఆదివారం అది. పీణ్య అనే ఫ్యాక్టరీల పేటలో అక్కది కోళ్ళ అంగడి. బావ పోయాక ఆమె ఒక్కతే నడిపింది.

ప్రతి కోడినీ ఆమె అలాగే చూసేది. రొమ్ము మీద ఈకలను నోటితో ఊది చర్మం రంగు చూసేది. కాళ్ళు పట్టుకుని బరువు అంచనా కట్టేది. ఆఖరున రెక్క ఎత్తేది. "చెడేది ఏదైనా ఈడ మొదలవుతాదిరా. రొమ్ము నీకు అబద్ధం చెప్తాది, రెక్క సందు చెప్పదు" అనేది. కోసి శుభ్రం చేసిన కోడికైనా ఇదే పరీక్ష. జిగురు కట్టడం, పులిసిన వాసన రావడం మొదట రెక్క సందులోనే. నేను తర్వాత చాలాసార్లు చూశాను. ఆమె చెప్పింది నిజం.

శుక్రవారం సాయంత్రం బండివాడికి ఆమె వేరే లెక్క చెప్పేది. "రేపు శనివారం, పది కోళ్ళు చాలు." శనివారం మాంసం ముట్టని ఇళ్ళు మా వైపు సగానికి సగం. శ్రావణమాసంలో ఇంకా తగ్గించేది. అంగడిలో ఏ కోడీ రెండో రోజు చూడకూడదన్నది ఆమె పట్టుదల. క్యాలెండర్ చూసి కొనేది, కోడి చూసి తీసుకునేది, కొనేవాళ్ళ కళ్ళ ముందు కోసేది.

ఆదివారం ఆ అంగడి ముందు నాలుగు భాషలు నిలబడేవి. అక్క బడికి పోలేదు. తెలుగు ఇంట్లోది, కన్నడం వీధిలోది. తమిళం, దక్కనీ ఉర్దూ అంగడికి వచ్చినవాళ్ళ దగ్గర పట్టుకుంది. మంచి కోడి లేకపోతే ఆ రోజు ఆమె అమ్మేది కాదు. ఒకరికి "ఈ పొద్దు వద్దమ్మా" అనేది. పక్కనున్న ఆమెకు "ఇవత్తు బేడమ్మా". వెనకనున్న ఆమెకు "ఇన్నిక్కి వేణామ్మా". సంచీ పట్టుకుని గోడ వారగా నిలబడ్డ ఆమెకు "ఆజ్ నక్కో భాభీ". నలుగురూ తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. మర్నాడు నలుగురూ వచ్చేవాళ్ళు. ఆమె వ్యాపారమంతా ఇంతే. ఆ వద్దన్న మాట మీదే అంగడి నిలబడింది.

నేను అక్కడికి నాలుగు వీధుల అవతల ఒక బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. పిల్లలందరూ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు. బడి గేటు లోపల ఇంగ్లీషు తప్ప మరో మాట వినిపించకూడదని ప్రధానోపాధ్యాయుడి నియమం. నోరు జారిన పిల్లవాడి మెడలో ఒక అట్టముక్క వేలాడదీసేవారు. సాయంత్రం లోపల ఇంకొకరి నోరు జారడం పట్టుకుని ఆ అట్టముక్క వాళ్ళ మెడకు తగిలించాలి. అలా ఆ బడిలో పిల్లలు చాడీలు చెప్పడం బాగా నేర్చుకున్నారు. ఇంగ్లీషు నేర్చుకోలేదు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడకుండా, ఒకరి మూతి ఒకరు చూస్తూ కూర్చునేవారు. ఆ మౌనం చూపించి మా ప్రధానోపాధ్యాయుడు తల్లిదండ్రులతో, మా పిల్లలు ఎంత క్రమశిక్షణగా ఉన్నారో చూడండి అనేవాడు.

నేను నా తరగతి తలుపు మూసేవాణ్ణి. ఒకరోజు నల్లబల్ల మీద వద్దు, బేడ, వేణాం, నక్కో అని వరసగా రాశాను. ఈ నాలుగూ ఒకటేనా అని అడిగాను. ఒకటే సార్ అన్నారు. మరి దీన్ని ఇంగ్లీషులో చెప్పండి అంటే కుదరలేదు. నాకు అక్కర్లేదు అనాలా, నువ్వు చేయకు అనాలా, అవసరం లేదు అనాలా అన్నది ఇంగ్లీషులో ముందే తేల్చుకోవాలి. తేల్చుకోవడం మాత్రం వాళ్ళ సొంత భాషలోనే జరగాలి. ఆ పని చేయనిస్తే పిల్లలు తప్పులతోనైనా చెప్పదలుచుకున్నది చెబుతారు. చేయనివ్వకపోతే ఎవరో చెప్పమన్నది తప్పు లేకుండా చెబుతారు. మా బడికి రెండో రకం పిల్లలు కావాలి.

ఈ పద్ధతి నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. అక్క అంగడి ముందు నిలబడి నేర్చుకున్నాను. ఆ సంగతి ఆమెకు ఎవరో చేరవేశారు. ఒక ఆదివారం నేను కోడి కోసం నిలబడి ఉంటే అందరి ముందూ అడిగింది.

"ఏం మేష్ట్రూ, నా అంగట్లో మాటలు ఎత్తుకపోయి బళ్ళో అమ్ముకుంటా ఉండావంట?"

"కొనేవాళ్ళున్నారక్కా."

"అమ్ముకో, అమ్ముకో. నిన్నటివి మాత్రం అంటగట్టొద్దు."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత కొన్నేళ్ళకు కోళ్ళకు జబ్బు వస్తోందని, మనుషులకు అంటుకుంటుందని పేపర్ల నిండా వచ్చింది. అది మా ఊళ్ళో కాదు, ఎక్కడో. అయినా జనం బతికున్న కోడిని చూస్తే దూరం జరగడం మొదలుపెట్టారు. ప్లాస్టిక్ చుట్టి, మంచు పెట్టెలో పెట్టి, మీద తేదీ అతికించిన ముక్కలు వాళ్ళకు శుభ్రంగా కనిపించాయి. పదిహేనేళ్ళుగా వస్తున్న ఇళ్ళు కూడా రావడం మానేశాయి. అక్క రెండు నెలలు ఖాళీ గంపల పక్కన కూర్చుని, మూడో నెల అంగడి ఎత్తేసింది.

అప్పటికి నేను బడి వదిలేసి ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే ఒక సంస్థలో చేరాను. ఊరికి అవతలి చివర, బ్రూక్‌ఫీల్డ్ దగ్గర ఇల్లు తీసుకున్నాం. అక్క మా వెనక వీధిలో ఒక గదిలో దిగింది. ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చేది. నేను తెచ్చిన కోడిని నా భార్య గిన్నెలో పెట్టి ఉంచేది. అక్క రెక్క ఎత్తి వాసన చూసి "ఊ" అంటేనే పొయ్యి మీదికి ఎక్కేది. ఒకటి రెండుసార్లు "ఊహూ" అంది. ఆ ఆదివారాల్లో చారు లాంటి సారూ అన్నమే తిన్నాం.

పని లేకుండా ఆమె ఉండలేకపోయింది. "ఒగరింట్లో కూసోని తినేది నాకు చేత కాదప్పా. ఏదన్నా చూడు" అని ప్రతివారం అడిగేది. ఆ వయసులో, చదువు లేని మనిషికి, ఆమెకు తెలిసిన పని మళ్ళీ దొరకడం కష్టమని ఇద్దరికీ తెలుసు. అలాంటప్పుడు మా సంస్థ నన్ను దగ్గరలో కొత్తగా పెట్టిన ఒక సూపర్‌మార్కెట్టుకు పంపింది. అక్కడ పనిచేసేవాళ్ళకు వారానికి రెండు మధ్యాహ్నాలు ఇంగ్లీషు చెప్పాలి. మాంసం కౌంటర్లో మనిషి కావాలని విని నేనే అక్క సంగతి చెప్పాను. తీసుకున్నారు. నెత్తిన టోపీ, చేతులకు తొడుగులు ఇచ్చారు.

"చేతికి గవుసు వేస్తే వేలికి ఏం తెలుస్తాదిరా?" అంది మొదటి రోజు.

"తెలియాల్సిన పని లేదక్కా. తేదీ రాసి ఉంటుంది."

"ఎవురు రాసేది?"



ఆ మాంసం ఎలాంటిదో చెబుతాను. తెల్లటి థర్మోకోల్ పళ్ళెం, పైన పల్చటి ప్లాస్టిక్, ముక్కల కింద నీరు పీల్చే ఒక మెత్త. ఆ మెత్త ఎందుకుందో కొనేవాళ్ళు అడగరు. నూనెలో వేస్తే ఆ ముక్క వేగదు. నీళ్ళు వదిలి ఆ నీళ్ళలోనే ఉడుకుతుంది. ఆ నీళ్ళూ తూకంలో మనం తెచ్చుకున్నవే. ఎముక చివర నల్లగా ఉంటుంది. ఒకసారి గడ్డ కట్టించి కరిగించిన లేత కోడికి అలా అవుతుందని అక్క చెప్పింది. కండ పళ్ళ కింద దూదిలా ఉంటుంది. ఇదంతా తాజాగా ఉన్న రోజు సంగతి.

తాజాగా లేని రోజుకు వేరే ఏర్పాటు ఉంది. సరుకు ఎంత రావాలో ఇంకో నగరంలోని ఆఫీసులో కంప్యూటరు నిర్ణయించేది. దానికి శనివారం తెలియదు. శ్రావణం తెలియదు. ప్రతిరోజూ అవే పళ్ళేలు దిగేవి. శనివారం సగం మిగిలేవి. ఆదివారం పొద్దున తలుపులు తీయకముందు ఆ ప్లాస్టిక్ విప్పి, కొత్తది చుట్టి, కొత్త తేదీ అతికించేవారు. అలా కూడా పనికిరాని వాటికి కారం, పెరుగు, ఎర్ర రంగు పట్టించి, మసాలా చికెన్ అని పేరు పెట్టి, ఇంకొంచెం ఎక్కువ ధరకు ముందు వరసలో పెట్టేవారు. కొనేవాళ్ళు పళ్ళెం తిప్పి తేదీ శ్రద్ధగా చదివి బుట్టలో వేసుకునేవారు. చదువుకున్నవాళ్ళు చదవగలిగిందాన్నే నమ్ముతారు. నేను వాళ్ళను తిట్టడానికి లేదు. నేనూ ఆ జాతివాణ్ణే.

తరగతి కోల్డ్ రూమ్ పక్కన, అట్టపెట్టెల మధ్య జరిగేది. ఆరుగురు ఉండేవారు. మాంసం నరికే అతనిది రాయచూరు. తెలుగు, కన్నడం రెండూ వచ్చు, నోరు ఊరుకోదు. మొదటి రోజు నేను నా పాత పద్ధతిలోనే మొదలుపెట్టాను. కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి మీరు ఏం చెప్పాలనుకుంటారో ముందు మీ భాషలో చెప్పండి అన్నాను.

రాయచూరు అతను వెంటనే, "తొందరగా చెప్పమ్మా, నా కాళ్ళు మంచు గడ్డలై పోయినాయి అని చెప్పాల సార్" అన్నాడు.

"నీ కాళ్ళు కూడా చుట్టి తేదీ అంటించి ముందర పెడతారు, గమ్మున ఉండు" అంది అక్క.

అందరూ నవ్వుతుంటే స్టోరు మేనేజరు తలుపు తీశాడు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాడు. నాతో ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు.

"ఇది ఏ భాష సార్?"

"నాలుగు భాషలు" అన్నాను.

"నాకు ఒకటి చాలు."

ముందు వాళ్ళ భాషలో అనుకుంటేనే తర్వాత ఇంగ్లీషు నిలుస్తుందని చెప్పబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "వాళ్ళు ఏం అనుకుంటారో నాకు అవసరం లేదు సార్. ఏం చెప్పాలో పన్నెండు వాక్యాలు రాసివ్వండి. కార్డు వేయిస్తాను, జేబులో పెట్టుకుంటారు." తలుపు మీద ఇంగ్లీషు మాత్రమే అన్న కాగితం మర్నాటికల్లా అతికించి ఉంది. బడి వదిలి వచ్చానని అనుకున్నాను. అట్టముక్క మాత్రం నా వెంటే వచ్చింది. ఈసారి దాన్ని నేనే రాశాను.

పన్నెండు వాక్యాలూ తప్పు లేకుండా రాశాను. నాలుగోది, ఇట్ ఈజ్ ఫ్రెష్, మేడమ్. తొమ్మిదోది, ప్లీజ్ ట్రై అవర్ మసాలా చికెన్ టుడే. ఇంటికి వెళ్ళి ఇష్టమైన పుస్తకాలు చదువుకునే మనిషిని నేను. మాటలకు విలువ ఉందని నమ్మేవాణ్ణి. ఒక ఆదివారం పొద్దున అక్కను దింపడానికి వెళ్ళి ప్లాస్టిక్ విప్పడం నేను స్వయంగా చూశాక కూడా, మంగళవారం ఆ ఆరుగురి చేత నాలుగో వాక్యం ఇరవైసార్లు చెప్పించాను. అక్క చెప్పేది కాదు. పెదవులు కదిలించేది. నాకు కనిపించేది. అయిదో వాక్యానికి వెళ్ళేవాణ్ణి.

కౌంటరు దగ్గర ఆమె తన పని తాను చేసుకుంది. ఆదివారం తెలుగు ఇంటి మనిషి వచ్చి పళ్ళెం మీద చెయ్యి వేస్తే, తల వంచి, కత్తి తుడుస్తున్నట్టుగా "వద్దమ్మా" అనేది. కన్నడం వాళ్ళకు "బేడ". తమిళం వాళ్ళకు, దక్కనీ వాళ్ళకు వాళ్ళ మాట. వాళ్ళు చెయ్యి వెనక్కి తీసుకుని కూరగాయల వైపు వెళ్ళిపోయేవారు. మేనేజరుకు ఆ భాషలేవీ రావు. ఆమెను కాపాడింది అదే.

ఒక శనివారం సాయంత్రం మా వంటింట్లో కూర్చుని అక్క చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఉన్నట్టుండి అడిగింది.

"నిన్నటిది అని ఇంగ్లీషులో ఎట్ల చెప్పేది?"

"ఎందుకు?"

"నాలుగు భాషలోళ్ళకు చెప్తానే ఉండాను. ఇంగ్లీషోళ్ళు ఏం పాపం చేసినారురా? వాళ్ళ పిల్లోళ్ళు తినేది లేదా?"

బ్రూక్‌ఫీల్డ్‌లో ఉత్తరాది నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు చాలామంది. ఆమె దక్కనీ వాళ్ళకు అందేది కాదు, వాళ్ళతో ఇంగ్లీషు తప్ప దారి లేదు. ఇంగ్లీషులో ఆమె దగ్గర ఉన్నవి నేను రాసిచ్చిన పన్నెండు వాక్యాలే. వాటిలో వద్దు అనే వాక్యం లేదు.

నా భార్య పొయ్యి దగ్గర నుంచి, "పని పోగొట్టుకుంటావు వదినా" అంది.

"చెప్పేదానికి రాక గమ్మునుండేది వేరే, వచ్చి గమ్మునుండేది వేరే. నేర్పిచ్చనీ, మళ్ళా చూస్తాం."

నేర్పించాను. మంచి పాఠం అది. నా పద్ధతిలోనే, ముందు తెలుగులో ఏం అనాలనుకుంటుందో అడిగి, ఒక్కొక్క మాట తీసుకుని నేర్పాను. దిస్ ఈజ్ ఎస్టర్‌డేస్, మేడమ్. డోంట్ టేక్. చిక్కుడుకాయలు అయిపోయేలోపల ఆమెకు నిలిచింది. ఇరవైసార్లు చెప్పించినా నాలుగో వాక్యం నోటికి రాని మనిషికి ఇది మూడోసారికే వచ్చింది. దాన్ని ఆమె ఏం చేస్తుందో నాకు తెలుసు. తెలియదని తర్వాత ఎప్పుడూ నాకు నేను చెప్పుకోలేదు.

మూడు ఆదివారాలు గడిచాయి. నాలుగో వారం సోమవారం మధ్యాహ్నం మేనేజరు మా ఇద్దరినీ తన గదికి పిలిచాడు. బల్ల మీద కొనేవాళ్ళు అభిప్రాయాలు రాసే పుస్తకం తెరిచి ఉంది. ఎవరో ఒకామె అందమైన అక్షరాలతో రాసింది. మీ మాంసం కౌంటర్లోని పెద్దావిడ చాలా నిజాయితీపరురాలు, ఆ చికెన్ నిన్నటిదని చెప్పి నన్ను ఆపింది, ఇలాంటివాళ్ళు ఉండడం మీ స్టోరుకు గౌరవం అని. పొగడ్త అది. కింద సంతకం కూడా పెట్టింది. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. మెల్లగా చెప్పిన మాటను మెల్లగా తీసుకుపోవాలని ఆమెకు తెలియలేదు. మా వైపు ఆడవాళ్ళు ఎవ్వరూ ఆ పని చేయలేదు.

మేనేజరు నన్ను అడిగాడు. "ఈమెకు ఈ వాక్యం మీరు నేర్పారా?"

అక్క నా పక్కనే నిలబడి ఉంది. టోపీ తీసి చేతిలో పట్టుకుంది. నన్ను చూడలేదు.

అవును అని ఒక్క మాట చాలు. అంటే ఏమయ్యేదో చెప్పలేను. ఆమె పని ఎలాగూ పోయేదేమో. నా పనీ పోయేది. నేను ఇంగ్లీషులో, ఏ తప్పూ లేకుండా, "ఇట్ ఈజ్ నాట్ ఆన్ ద కార్డ్" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే ఆ వాక్యం ఎంచుకున్నాను. చదువు నాకు ఇచ్చింది ఆ సౌకర్యమే.

మేనేజరు పుస్తకం మూశాడు. రేపటి నుంచి ఆమె రానక్కర్లేదన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఆమెకు ఆమె భాషలో చెప్పండి. స్పష్టంగా అర్థం కావాలి" అన్నాడు. తలుపు మీద కాగితం అతికించినవాడు. మనిషిని పనిలోంచి తీసేయడానికి మాత్రం మిగతా భాషలు కావలసివచ్చాయి.

నేను నోరు తెరిచాను.

"వద్దులే అప్పా" అంది అక్క. "తెలిసింది. రెండూ తెలిసినాయి."

టోపీ బల్ల మీద పెట్టి, తొడుగులు దాని మీద పెట్టి, బయటికి నడిచింది. రాయచూరు అతను కత్తి ఆపి చూశాడు. నేను ఆమె వెనకే బయటి దాకా వెళ్ళాను. రోడ్డు దాటడానికి నిలబడ్డప్పుడు ఏదో చెప్పబోయాను. ఏం చెప్పబోయానో గుర్తు లేదు. ఎలాగూ బాగానే చెప్పి ఉండేవాణ్ణి.

"కార్డులో లేదంట" అంది, రోడ్డు వైపు చూస్తూనే. "అంగడిలో అంతకాలం నిలబడితిని. నాకు యాడ ఉండెరా కార్డు?"

"అక్కా..."

"పో, నీ తరగతికి టయిమైంది."

వెళ్ళాను. ఆ రోజు అయిదుగురే ఉన్నారు. నాలుగో వాక్యం నుంచి మొదలుపెట్టాను. రాయచూరు అతను ఆ రోజు ఒక్క హాస్యమూ ఆడలేదు. కార్డు చూసి చదివాడు, ఎక్కడా తప్పు లేకుండా. మేనేజరు తలుపు సందులోంచి చూసి, తృప్తిగా తల ఊపి వెళ్ళాడు. ఇంకో ఏడాదిన్నర నేను అక్కడ ఇంగ్లీషు చెప్పాను.

తర్వాతి ఆదివారం, కౌంటరు పని లేదు కాబట్టి, అక్క పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. రాకుండా ఉండే మనిషి కాదు. నా భార్య మునుపటిలాగే కోడిని గిన్నెలో పెట్టి ఉంచింది. అక్క వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది.

"చూడు వదినా" అంది నా భార్య.

"మీరే చూసుకోండి. మీ ఇంట్లో మేష్ట్రు ఉండాడు కదా, ఫ్రెష్ అని చెప్తాడు."

అన్నంలోకి సారు మాత్రం పోయించుకుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. కోపంగా మాట్లాడేది కాదు. పిల్లల చదువులు అడిగేది, కొళాయి నీళ్ళ గురించి మాట్లాడేది. వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. కొన్నాళ్ళు నేనే రెక్క ఎత్తి చూసేవాణ్ణి. వాసన వచ్చేది. అది మంచి వాసనో కాదో నాకు తెలిసేది కాదు. ఏళ్ళ తరబడి పక్కన నిలబడి చూశాను కానీ ఎప్పుడూ నేర్చుకోలేదు. నాకు కావలసింది మాటలే అనుకున్నాను. ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడలేదు.

ఉద్యోగాలు చేసే తెలుగు ఆడపిల్లలు ఉండే ఒక హాస్టల్లో ఆమెకు వంట పని దొరికింది. నేను చూసి పెట్టింది కాదు. రాయచూరు అతను చెప్పాడట. అక్కడ మూడేళ్ళు చేసింది. ఆ పిల్లలు ఆదివారం చికెన్ కావాలంటే తానే పోయి, కోడిని చూసి, కోయించి తెచ్చేదని తర్వాత తెలిసింది.

నాలుగో ఏడు కడుపులో నొప్పి అని మొదలైంది. ఆస్పత్రిలో డాక్టరు కాగితాలన్నీ చూసి, అక్క మంచం పక్కనే నిలబడి, నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆమెకు అర్థం కాదని అతని ధీమా. చివరికి, ఆమెకు మీరే చెప్పండి అని వెళ్ళిపోయాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, పర్వాలేదక్కా, మందులు రాశారు, తగ్గిపోతుందన్నారు అని మొదలుపెట్టాను.

అక్క కళ్ళు మూసుకునే ఉంది.

"కార్డులో ఉండేది చెప్పొద్దురా" అంది.

"బాగలేదక్కా. ఎక్కువ రోజులు లేవంటున్నాడు" అన్నాను.

"ఊ" అంది. కోడి బాగుంటే అనే ఊ లాంటిదే అది. మరి కాసేపటికి, "అట్ల చెప్పేదానికి ఇంతకాలం పట్టిందా నీకు?" అంది. అందులో నవ్వు లేదు. క్షమించిందని నేను అనుకోలేదు. ఇప్పుడూ అనుకోవడం లేదు. అడిగే అవకాశం ఉన్న నెలరోజుల్లో నేను అడగలేదు.

ఆమె పోయిన తర్వాత హాస్టలు పిల్లలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. హాస్టల్లో ఆమె పడుకునే గదిలో దొరికిందని ఒక చిన్న సంచీ ఇచ్చారు. రెండు చీరలు, కూరలు తరిగే ఈళపీట, సూపర్‌మార్కెట్టు పన్నెండు వాక్యాల కార్డు. చదవడం రాని మనిషి దాన్ని ఎందుకు ఉంచుకుందో తెలియదు. చీరలు నా భార్య ఎవరికో ఇచ్చింది. కార్డు నేను చించేశాను. చించడం వల్ల ఏమీ కాదు. ఇంకా కొన్ని వందలు వాళ్ళ దగ్గర ఉంటాయి. అందులో వాక్యాలన్నీ నావే.

ఆ సూపర్‌మార్కెట్టు ఇప్పుడు ఇంకా పెద్దదైంది. ముందు వరసలో ఎర్రగా మసాలా పట్టించిన పళ్ళేలు అలాగే ఉన్నాయి. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి నన్ను చూసి నవ్వి, ఏమీ అడగకముందే ఇంగ్లీషులో నాలుగో వాక్యం చెప్పింది. ఉచ్చారణ బాగుంది.

మా ఇంట్లో ఆదివారం కోడికూర చేయడం లేదు.